పైన ఏమని రాయాలి?

మన హాస్టల్లో చదివి బయటికెళ్ళిన మాకు ఏడాదిలో నాలుగైదుసార్లయినా ఇక్కడి తమ్ముళ్ళ దగ్గర్నుంచో చెల్లెళ్ళ దగ్గర్నుంచో ఫోను వస్తుంది. "అన్నా, ప్రిన్సిపాల్ గారికి మెయిల్ పెట్టాలి. విషయం అంతా రాసేశాను. పైన ఏమని రాయాలి?" అని ఒకరు. "అక్కా, కంపెనీవాళ్ళు ఇంటర్వ్యూకి పిలిచారు. జవాబు పంపాలి. సర్ అనాలా, హాయ్ అనాలా, పేరు పెట్టి రాయాలా?" అని ఇంకొకరు. ర్యాంకు గురించి, సీటు గురించి ఎంత కంగారుగా అడుగుతారో దీని గురించీ అంతే కంగారుగా అడుగుతారు. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని ఈసారి కబురొచ్చినప్పుడు మా బ్యాచ్ వాళ్ళం కూడబలుక్కుని, ఈ ఒక్క ప్రశ్నకే జవాబు రాద్దామనుకున్నాం.

చూడటానికి చిన్న ప్రశ్నే. లెటర్ రైటింగ్ పుస్తకం కొంటే ఒక పేజీలో జవాబు దొరుకుతుంది. కానీ మన ఇళ్ళ నుంచి వచ్చిన వాళ్ళకు అది ఒక పేజీలో తేలే వ్యవహారం కాదు. ఎదుటి మనిషిని ఏమని పిలవాలో తేల్చుకోవడమంటే, ఆ మనిషి ముందు మనం ఎక్కడ నిలబడి ఉన్నామో తేల్చుకోవడం. మన పెద్దవాళ్ళకు ఆ చోటును వేరేవాళ్ళు నిర్ణయించారు. ఇప్పుడు మనకు మనమే నిర్ణయించుకోవాలి. అందుకే ఈ ప్రశ్న దగ్గర మన పిల్లల చెయ్యి ఆగిపోతుంది.

ఇంటికి రాసిన ఉత్తరాలు

మేం హాస్టల్లో ఉన్న రోజుల్లో ఊరికి ఫోను చేయాలంటే ఇక్కడ ఎస్టీడీ బూత్‌లో చిల్లర, అక్కడ ఊళ్ళో ఫోనున్న ఇంటివాళ్ళ దయ, రెండూ కావాల్సి వచ్చేది. అందుకని ఉత్తరాలే రాసేవాళ్ళం. 1950లో మన తపాలా శాఖ ప్రవేశపెట్టిన ఇన్‌లాండ్ లెటరే మాకు దిక్కు. పర్చూరు, మార్టూరు, చిలకలూరిపేట, సత్తెనపల్లి, ప్రత్తిపాడు చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన పిల్లలం. ఎవరి ఊరు ఏదైనా ఉత్తరం మాత్రం ఒకే తీరుగా మొదలయ్యేది. "ప్రియమైన అమ్మకు, నాన్నకు, మీ కుమారుడు వందనాలు చేసి రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను." తర్వాత అసలు సంగతులు. మిరపకాయ కోతలకు పోతున్నారా, పత్తి తీతలు అయిపోయాయా, కూలి ఎంత ఇస్తున్నారు, చెల్లిని బడి మాన్పించొద్దు. ఆ మొదటి రెండు వాక్యాలూ మాకు ఎవరూ పాఠంగా చెప్పలేదు. సీనియర్లవి చూసి మేం నేర్చుకున్నాం, మావి చూసి జూనియర్లు నేర్చుకున్నారు.

"నమస్కారాలు" అనకుండా "వందనాలు" అని రాయడానికి కారణం ఉంది. మన జిల్లాల్లోని పల్లెలకు చర్చితో పాత సంబంధం. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842లోనే గుంటూరు వచ్చారు. ఒంగోలు కేంద్రంగా పనిచేసిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కాలంలో, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఊరి పెద్దల ముందు "దండాలయ్యా" అని వంగిన మా తాతముత్తాతలకు, ఒకరికొకరు నిలబడి చెప్పుకునే పలకరింపుగా "వందనాలు" దొరికింది. పాస్టరుగారు కూలికి పోయే మనిషికి అదే మాట చెబుతారు. కూలికి పోయే మనిషి పాస్టరుగారికీ అదే మాట చెబుతాడు. రెండువైపులా ఒకే మాట నడవడం ఎంత పెద్ద సంగతో, దండం పెట్టడమే గాని తిరిగి అందుకోవడం ఎరగని వాళ్ళకే తెలుస్తుంది.

పౌలు రోమా సంఘానికి రాసిన పత్రిక చివరి అధ్యాయం చూడండి. నిండా పలకరింపులే. పౌలు చెబుతుంటే ఆ పత్రికను చేత్తో రాసిన తెర్తియు కూడా తన వందనాన్ని తానే చేర్చుకున్నాడు. మా ఊళ్ళలోనూ ఇదే పద్ధతి ఉండేది. సెలవులకు ఇంటికెళితే చదువురాని పెద్దవాళ్ళు ఇన్‌లాండ్ లెటరు పట్టుకుని మా అరుగు మీదికి వచ్చేవాళ్ళు. వలస పోయిన కొడుక్కో, కాపురానికి పోయిన కూతురికో రాయాలి. వాళ్ళు చెబుతుంటే మేం రాసేవాళ్ళం. అంతా అయ్యాక, "ఈ జాబు రాసినవాడి వందనాలు అని కూడా రాయి నాయనా" అని వాళ్ళే గుర్తుచేసేవాళ్ళు. రాసిపెట్టినవాణ్ణి కూడా మనిషిగా లెక్కపెట్టే మర్యాద అది. వాళ్ళకు ఓనమాలు రాకపోయినా ఆ మర్యాద వచ్చు.

ఉత్తరం మీద చిరునామా రాసే పద్ధతి మాత్రం మాకు స్కూల్లో తెలుగు మాస్టారు నేర్పారు. ఇంటిపేరు, పేరు, దాని వెనక "గారికి". మా నాన్నల పేర్ల వెనక "గారు" అనే మాట అంతకుముందు మేం విన్నది లేదు. కూలి లెక్కల పుస్తకాల్లోనూ ఆసాముల పిలుపుల్లోనూ వాళ్ళ పేర్ల చివర ఉన్నది "గాడు". యేసోబు యేసోబుగాడు అయ్యేవాడు. సుబ్బయ్య సుబ్బిగాడు అయ్యేవాడు. జుట్టు నెరిసిన మనిషిని పదేళ్ళ పిల్లాడు అలా పిలిచినా పలికేవాళ్ళు. అలాంటి మనిషి పేరును పోస్టుమ్యాన్ పల్లెలో నిలబడి, ఉత్తరం మీద ఉన్నది ఉన్నట్టు, "గారు" అని చదివితే వీధి అంతా తలెత్తి చూసేది. మా బ్యాచ్‌లో ఒకరి నాన్న ఆ ఉత్తరాలన్నీ ట్రంకుపెట్టెలో దాచుకున్నారు. లోపలి సంగతులు ఆయన చదవలేరు. పైన ఏమి రాసి ఉందో మాత్రం ఆయనకు బాగా తెలుసు.

మనకు చోటు లేని జాబితా

పాత తెలుగు ఉత్తరాల్లో పలకరింపులకు పెద్ద జాబితానే ఉండేది. పండితుడైన బ్రాహ్మణుడికి "బ్రహ్మశ్రీ వేదమూర్తులైన". గౌరవించాల్సిన మగవాళ్ళకు "మహారాజశ్రీ". చిన్నవాళ్ళకు "చిరంజీవి". భర్త ఉన్న ఆవిడకు "లక్ష్మీసమానురాలైన", భర్త పోయిన ఆవిడకు "గంగాభాగీరథీ సమానురాలైన". ఉత్తరం ఎవరికో పేరు చదవకముందే ఆ మనిషి కులం, వయసు, పసుపుకుంకాల సంగతి తెలిసిపోయేవి. శుభలేఖల మీద "చి.", "చి.ల.సౌ." అన్న పొడి అక్షరాలు ఆ జాబితాలో మిగిలిన ముక్కలే. ఇన్ని మాటలున్న ఆ జాబితాలో మనవాళ్ళ కోసం పెట్టిన మాట ఏదని వెతికితే కనిపించదు. మనకెవరూ ఉత్తరం రాయరు, మనం ఎవరికీ రాయం అనే లెక్క మీద తయారైన జాబితా అది.

వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా గారు ఈ బాధ మీదే 1941లో "గబ్బిలం" రాశారు. కాళిదాసు కావ్యంలో యక్షుడు మేఘంతో సందేశం పంపితే, జాషువా గారి కథానాయకుడు గబ్బిలంతో కాశీలోని శివుడికి కబురు పంపుతాడు. గుళ్ళోకి ఆ మనిషికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. చెప్పాల్సింది ఉంది, ఎవరికి చెప్పాలో తెలుసు, నేరుగా చెప్పే దారి మాత్రం లేదు. మెయిల్ ఐడీ ఒక్కటి తెలిస్తే కలెక్టరుగారికైనా నేరుగా రాయగలిగిన ఈ రోజుల్లో ఆ కావ్యాన్ని ఒకసారి చదవండి. మన చేతిలోకి ఏం వచ్చిందో అర్థమవుతుంది.

దివ్యసముఖమునకు

ఆఫీసులకు రాయాల్సి వస్తే మన పెద్దవాళ్ళు మండలాఫీసు బయట బల్ల వేసుకు కూర్చున్న అర్జీలు రాసేవాళ్ళ దగ్గరికి వెళ్ళేవాళ్ళు. ఆ అర్జీ "మహారాజశ్రీ ఫలానా అధికారి గారి దివ్యసముఖమునకు" అని మొదలయ్యేది. "తమ పాదములకు నమస్కరించి విన్నవించుకొనునది ఏమనగా" అని నడిచేది. "కావున తమరు దయయుంచి" అని వేడుకునేది. చివర "ఇట్లు, తమ విధేయురాలు" అని రాసి వేలిముద్ర. వాళ్ళు అడిగేది కులధ్రువీకరణ పత్రమో, రేషన్ కార్డో, ముసలాళ్ళ పెన్షనో. చట్ట ప్రకారం రావాల్సినవే. అయినా దేవుణ్ణి వరం అడిగినట్టు అడగాల్సి వచ్చేది.

మాలో ఒకరు ఇంటర్‌లో చేరిన ఏడాది వాళ్ళమ్మ కోసం అర్జీ తానే రాసింది. "గౌరవనీయులైన మండల రెవెన్యూ అధికారి గారికి, నమస్కారం" అని మొదలుపెట్టి, ఏ పత్రం కావాలో, ఎందుకు కావాలో, వెంట ఏ కాగితాలు జత చేసిందో ఆరు వాక్యాల్లో రాసి, కింద అమ్మ పేరు, ఊరు పెట్టింది. చదివి వినిపిస్తే వాళ్ళమ్మ భయపడిపోయింది. "పాదాలు అన్న మాట లేదేంటే? అయ్యకు కోపం రాదా?" అని అడిగింది. పత్రం మిగతావాళ్ళతో పాటే వచ్చింది. పాదాలు లేనందుకు ఆలస్యమేమీ కాలేదు. ఆ తర్వాత మా పల్లెలో చాలామంది అర్జీలకు ఆ అమ్మాయి దగ్గరికే వచ్చారు.

దీన్నుంచి మేం నేర్చుకున్నది ఒకటుంది. మర్యాద వేరు, దాస్యం వేరు. "గౌరవనీయులైన", "గారికి", "నమస్కారం" అనేవి మర్యాద. ఎవరు ఎవరికి రాసినా చెల్లుతాయి. అధికారి మనకు జవాబు రాస్తే ఆయనా అవే మాటలు వాడవచ్చు. "దివ్యసముఖము", "పాదములు" అనేవి అటునుంచి ఇటు ఎప్పటికీ రాని మాటలు. ఏ మాట వాడాలో తోచకపోతే ఈ ఒక్క పరీక్ష పెట్టి చూసుకోండి. మనం రాసిన పలకరింపును అవతలి మనిషి మనకు తిరిగి రాయగలడా? రాయగలిగితే అది మర్యాదే.

సమాచార హక్కు చట్టం 2005లో వచ్చాక ఈ సంగతి ఇంకా తేటపడింది. ఆ దరఖాస్తును తెలుగులోనే రాయొచ్చు. ఎలక్ట్రానిక్ పద్ధతిలోనూ పంపొచ్చు. ఆ సమాచారం ఎందుకు కావాలో కారణం చెప్పక్కర్లేదు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు రుసుము కట్టక్కర్లేదు. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. "దయ" అనే మాట ఎక్కడా లేకుండా మనవాళ్ళు ప్రభుత్వానికి రాయగలిగిన కాగితం అది. పైన "పౌర సమాచార అధికారి గారికి" అని రాస్తే చాలు. హాస్టల్ మెస్ చార్జీలు ఎంత విడుదలయ్యాయి, కాస్మెటిక్ చార్జీలు ఏ నెల వరకు వచ్చాయి అని ఒక బోర్డరు మర్యాదగా, నిటారుగా అడగొచ్చు.

ఇంగ్లీషు మర్యాదలు

విధేయత రాతలు మన దగ్గరే లేవు. బ్రిటిష్ కాలపు ఆఫీసు ఉత్తరాలు "తమ మిక్కిలి విధేయుడైన సేవకుణ్ణి" అనే అర్థం వచ్చే ముగింపుతో ఉండేవి. అటువంటి కాలంలో, ఉప్పు సత్యాగ్రహానికి ముందు 1930 మార్చి 2న గాంధీజీ వైస్రాయ్ ఇర్విన్‌కు రాసిన ఉత్తరాన్ని "డియర్ ఫ్రెండ్" అని మొదలుపెట్టారు. ఎదిరించబోతున్న మనిషిని అవమానించలేదు, ఆయన ముందు వంగనూ లేదు. రెండు మాటల్లో తన చోటు తాను చూపించారు.

పెద్ద కుర్చీలకు కూడా పిలుపులు మారాయి. న్యాయమూర్తులను "మై లార్డ్" అనడం వలస పాలన గుర్తు కాబట్టి, సుప్రీంకోర్టు, హైకోర్టుల్లో "యువర్ ఆనర్" అనీ, కింది కోర్టుల్లో "సర్" అనీ అనవచ్చని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2006లో నియమం చేసింది. దేశంలోపల రాష్ట్రపతిని "హిజ్ ఎక్స్‌లెన్సీ" అనే పద్ధతిని 2012లో ప్రణబ్ ముఖర్జీ గారు వద్దన్నారు. రాష్ట్రపతికే అక్కర్లేని బిరుదు మండలాఫీసుకు ఎందుకు?

"డియర్" అనే మాట దగ్గర మన పిల్లలు సిగ్గుపడతారు. "సార్‌ని డియర్ అంటే ఏమనుకుంటారక్కా?" అని ఒక చెల్లెలు అడిగితే మేమంతా నవ్వుకున్నాం. ఆ అమ్మాయి సందేహం మాత్రం సరైనదే. "డియర్ సర్"ను తెలుగులో "ప్రియమైన సార్" అని రాస్తే నప్పదు. ఇంగ్లీషు ఉత్తరంలో "డియర్" అరిగిపోయిన పలకరింపు, అందులో ప్రేమేమీ లేదు. తెలుగులో ఆ చోట నిలిచే మాట "అయ్యా", "అమ్మా", లేదా "గౌరవనీయులైన ఫలానా గారికి". "ప్రియమైన" అనేది అమ్మానాన్నలకు, స్నేహితులకు దాచుకోండి.

మెయిల్ వచ్చాక

మన దేశంలో జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ద్వారా మొదలైంది. మరుసటేడు జూలైలో సబీర్ భాటియా, జాక్ స్మిత్ కలిసి హాట్‌మెయిల్ తెచ్చారు. మా దాకా వచ్చేసరికి ఇంకొన్నేళ్ళు పట్టింది. గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లోని నెట్ సెంటర్లలో గంటకింతని కట్టి, ఇద్దరం ఒకే కుర్చీలో కూర్చుని మొదటి మెయిల్ ఐడీలు తెరుచుకున్నాం. పక్కన గడియారం నడుస్తుంటే పలకరింపు గురించి ఆలోచించడానికి తీరిక ఎక్కడిది? నెట్ సెంటరు అబ్బాయి "రెస్పెక్టెడ్ సర్" అని కొట్టిచ్చేవాడు, మేం కింద నుంచి రాసేవాళ్ళం.

ఉద్యోగాలకు హైదరాబాదు, బెంగుళూరు వెళ్ళాక సంగతి వేరే. ఒక కంపెనీలో మా స్నేహితుడి మెయిల్‌ను పైవాడు నలుగురి ముందు చదివి నవ్వాడు. అయిదు వాక్యాల్లో ఆరు "సర్"లు ఉన్నాయని. ఆ ఆరు "సర్"లూ అతను ఒక్కడే రాసినవి కావని, వాటి వెనక వాళ్ళ నాన్న, తాత "అయ్యా, అయ్యా" అని నిలబడి ఉన్నారని నవ్వినవాళ్ళకు తెలియదు. మావాడు కొన్నాళ్ళు గమనించి, పైన ఒక్కసారి పేరుతో పలకరించి తిన్నగా విషయంలోకి వెళ్ళడం అలవాటు చేసుకున్నాడు. మన పిల్లల మీద ఇంకొకరు నవ్వకుండా ఉండేందుకు, మాకు అనుభవంలో తేలినవి కొన్ని ఇక్కడ చెబుతాం.

మొదటిది, పేరు తెలిస్తే పేరు వాడండి. అవతలివాళ్ళు తమ పేరు ఎలా రాసుకుంటారో అలాగే, ఒక్క అక్షరం తప్పు లేకుండా రాయండి. పేరు తెలియకపోతే హోదా రాయండి. తెలుగులో "సాంఘిక సంక్షేమ శాఖ డిప్యూటీ డైరెక్టర్ గారికి", ఇంగ్లీషులో "డియర్ సర్ ఆర్ మేడమ్". ఆ కుర్చీలో ఉన్నది మగవాళ్ళే అనుకుని ఒట్టి "సర్" అని రాయొద్దు.

రెండోది, పై మాటకు కింది మాట జత కుదరాలి. ఇంగ్లీషు ఉత్తరాల్లో "డియర్ సర్" అని మొదలైతే "యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ" అనీ, పేరుతో మొదలైతే "యువర్స్ సిన్సియర్లీ" అనీ ముగించడం పద్ధతి. మన ప్రభుత్వ ఉత్తరాల్లోనూ ఇంతే. ఆఫీసు తరఫున రాసే దానిలో "సర్", "యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ". అధికారి తన పేరుతో రాసే డీవో లెటర్లో "డియర్ శ్రీ ఫలానా", "యువర్స్ సిన్సియర్లీ". మెయిల్‌కు "రిగార్డ్స్" అన్నా సరిపోతుంది. తెలుగులో "ఇట్లు" అని రాసి పేరు పెడితే చాలు. "విధేయుడు" అని రాయడం తప్పనం, రాయకపోవడమూ తప్పు కాదు.

మూడోది, "రెస్పెక్టెడ్ సర్" గురించి. మన కాలేజీల్లో, ఆఫీసుల్లో అది మామూలు మాట, అక్కడ ఎవరూ తప్పు పట్టరు. బయటి దేశాల వాళ్ళకు అది వింతగా ఉంటుంది. విదేశీ యూనివర్సిటీకి రాసేటప్పుడు "డియర్ ప్రొఫెసర్" అని ఆయన ఇంటిపేరు పెట్టండి. ఆడవాళ్ళకు పెళ్ళయిందో లేదో వెతకొద్దు, "మిజ్" అనే మాట అందుకే ఉంది. మన తెలుగు "గారు" ఈ విషయంలో ఇంకా మేలు. ఆడా మగా, పెళ్ళీ వైధవ్యం, కులం మతం ఏదీ అడగదు. పేరు వెనక నిశ్శబ్దంగా నిలబడుతుంది.

నాలుగోది, మొదటి మెయిల్‌ను కాస్త నిండుగా రాయండి. అవతలివాళ్ళు జవాబులో తమ మొదటి పేరు ఒక్కటే పెట్టి, మనల్ని "హాయ్" అని పలకరిస్తే, తర్వాతి మెయిల్లో మనమూ "హాయ్" అనవచ్చు. అమెరికా వెళ్ళిన మావాళ్ళకు మేనేజరును పేరు పెట్టి పిలవడానికి ఏడాది పట్టింది. నాలుక తిరగలేదు. అక్కడ "సర్" అనకపోవడం అమర్యాద కాదు, అదే వాళ్ళ మర్యాద.

ఇంకొక చిత్రం చెప్పాలి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. పాస్‌పోర్టులో అది "సర్‌నేమ్" గడిలోకి పోతుంది. విదేశాల నుంచి వచ్చే మెయిల్లో "డియర్ మిస్టర్" పక్కన మన ఇంటిపేరు ఉంటుంది. ఊళ్ళో "మీ ఇంటిపేరేంటి?" అని అడిగితే మా గుండె ఒక్క క్షణం ఆగేది. మనం ఏ పల్లె వాళ్ళమో తెలుసుకోవడానికే ఆ ప్రశ్న. అదే ఇంటిపేరు ముందు "మిస్టర్" అని మొదటిసారి చదువుకున్న రోజు మాలో ఒకడు ఆ మెయిల్‌ను ప్రింటు తీసి ఇంటికి పంపాడు.

మనలో మనం

స్నేహితులకు రాసేటప్పుడు ఈ గొడవేమీ లేదు. "ఒరేయ్" అన్నా, "ఏరా మామా" అన్నా, "ఏమే" అన్నా చెల్లుతుంది. మన హాస్టల్లో ఒకే డార్మిటరీలో పక్కపక్కన ట్రంకుపెట్టెలు పెట్టుకున్న వాళ్ళు ముప్పై ఏళ్ళు వచ్చాక "గారు" అని రాస్తే అదే అనుమానించాల్సిన విషయం. ఆసామి నోటి "ఒరేయ్" వేరు, స్నేహితుడి "ఒరేయ్" వేరు. తిరిగి అనగలమా లేదా అన్న పరీక్ష ఇక్కడా పనిచేస్తుంది.

మనలో చాలామంది "జై భీమ్" అని పలకరించుకుంటారు. నాగపూర్ దగ్గరి కాంప్టీకి చెందిన బాబు హరదాస్ (1904-1939) ఈ పలకరింపును వాడుకలోకి తెచ్చారని చెబుతారు. 1985 జూలై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు మన నేల మీద జరిగినవి. ఆ తర్వాత పెరిగిన దళిత ఉద్యమం ఆ మాటను మా పల్లెలకు దగ్గర చేసింది. దండానికి బదులు పిడికిలి ఎత్తి చెప్పుకునే మాట అది. మనవాళ్ళకు రాసే ఉత్తరంలో ధైర్యంగా రాయండి. ఉద్యోగ దరఖాస్తులో పద్ధతి ప్రకారం రాయండి. చోటు చూసి మాట ఎంచుకోవడం సిగ్గుపడటం కాదు. వందనాలు చెప్పుకునే వాళ్ళు వందనాలు, నమస్కారం చెప్పుకునే వాళ్ళు నమస్కారం చెప్పుకోండి. ఒకరి పలకరింపును ఇంకొకరు వెక్కిరించొద్దు.

చివరగా ఒక మాట. ఇలాంటి సంచికల్లో కృతజ్ఞతల పేజీ ఒకటి ఉంటుంది. అధికారుల పేర్లకు ముందు "శ్రీ", వెనక "గారు" తప్పకుండా ఉంటాయి. పొద్దున్నే నాలుగింటికి లేచి మనకు అన్నం వండిన వాళ్ళు, కామాటి, వాచ్‌మన్ మాత్రం "వంట సిబ్బంది, ఇతరులు" అన్న ఒక్క ముక్కలో సర్దుకుంటారు. సంపాదకులైన తమ్ముళ్ళను, చెల్లెళ్ళను మేం కోరేది ఇదే. ఈ ఏడు వాళ్ళ పేర్లు ఒక్కొక్కటిగా వేయండి. ప్రతి పేరు వెనకా "గారు" పెట్టండి. "గారు" కోసం మన నాన్నలు ఎన్నేళ్ళు ఎదురుచూశారో మనకు తెలుసు కాబట్టి, ఇవ్వాల్సిన చోట మనం ఆలస్యం చేయకూడదు.

బాగా చదవండి. ఇంటికి, ఆఫీసుకి, స్నేహితులకి తరచుగా రాయండి. పైన ఏమని రాయాలో తోచకపోతే మళ్ళీ ఫోను చేయండి, మేమున్నాం.

ఇట్లు,
మీ అన్నలు, అక్కలు
పూర్వ విద్యార్థులు